మీ ప్రశ్నలు: ఇంట్లో పెద్దవాళ్ళు పడిపోతుంటే

పోయిన నెల ఈ పేజీలో మోకాళ్ళ నొప్పుల గురించి రాశాను, దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం మోకాళ్ళ సంగతే ఎత్తలేదు. అమ్మ పడింది, మామయ్య తూలాడు, నాయనమ్మకి తుంటి విరిగింది, ఇవే. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. నేను ఫిజియోథెరపిస్టుని, మందుల విషయం వచ్చిన చోట మాత్రం వృద్ధుల వైద్యం చేసే డాక్టర్ని అడిగి రాశాను. ఇంకో మాట, పెద్దవాళ్ళు పడకుండా ఏం చెయ్యాలన్నదాని మీద వేలమందితో చేసిన ట్రయల్స్, అంటే కొందరికి చేసి, కొందరికి చెయ్యకుండా పోల్చి చూసిన పరీక్షలు ఉన్నాయి, మనం ఇళ్ళల్లో చేసేదానికి, వాటిల్లో తేలినదానికి చాలా తేడా ఉంది, ఆ తేడా చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ప్రశ్న: మా అత్తయ్యకి 74 ఏళ్ళు. రెండు నెలల క్రితం వంటింట్లో పడింది. ఎముకలేం విరగలేదు. కానీ అప్పట్నుంచి మా ఆయన ఆవిణ్ణి మంచం దిగనివ్వట్లేదు, కాఫీ, టిఫిను, అన్నీ అక్కడికే. ఆవిడకి కూడా భయం పట్టుకుంది. ఇలా ఉంచడం మంచిదేనా? (తెనాలి నుంచి ఒక కోడలు)

మంచిది కాదమ్మా. మీ ఆయన ప్రేమకొద్దీ చేస్తున్నారని తెలుసు, మా ఇంట్లో కూడా అచ్చం ఇదే జరిగింది. మా అమ్మమ్మ పెరట్లో తులసికోట దగ్గర పడింది, ఒంటి మీద గీత కూడా పడలేదు, మేమందరం కలిసి ఆవిణ్ణి వరండాలో వాలుకుర్చీలో కూర్చోబెట్టేశాం, మంచినీళ్ళు కూడా చేతికే ఇచ్చేవాళ్ళం, నాలుగు నెలలు తిరిగేసరికి ఆవిడ ఎవరూ చెయ్యి పట్టుకోకుండా ఆ కుర్చీలోంచి లేవలేకపోయింది. నేనప్పటికి ఈ చదువులోకి రాలేదు. వచ్చాక మొదటి ఏడాదే అర్థమైంది మేం చేసిన తప్పేంటో. వాడని కండ కరిగిపోతుంది, పెద్ద వయసులో ఇంకా తొందరగా కరుగుతుంది, తొడల్లో బలం పోతే నిలబడటం కష్టం, నిలబడటం కష్టమైతే భయం ఎక్కువ, భయంతో ఇంకా తక్కువ కదులుతారు, ఇక ఈసారి లేస్తే పడటం ఖాయం.

పడ్డారు అనగానే మనం నేల జారింది అంటాం. కెనడాలో వాంకూవర్ దగ్గర రెండు వృద్ధుల కేర్ హోముల్లో హాళ్ళల్లో, భోజనాల గదుల్లో కెమెరాలు పెట్టి, నిజంగా పడుతున్నప్పటి వీడియోలు 227 సేకరించి ఒక్కోటి చూశారు, 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో జారిపడ్డవి 3 శాతమే. 41 శాతం ఎలా పడ్డారంటే ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి సరిగ్గా మార్చుకోలేక, అంటే తిరుగుతూనో, వంగుతూనో, కూర్చోబోతూనో. మరో 21 శాతం కాలికేదో తగిలి తూలినవి. మన తడి బాత్రూములు వేరే సంగతనుకోండి, అక్కడ జారడం ఎక్కువే ఉంటుంది, కానీ మీ అత్తయ్య పడింది వంటింట్లో. ఆవిణ్ణి అడగండి, ఏ వైపు తిరుగుతున్నారు, చేతిలో ఏముంది, లేచిన వెంటనే పడ్డారా, కళ్ళు తిరిగాయా అని. పడ్డవాళ్ళని ఎలా పడ్డారో వివరంగా అడిగేవాళ్ళే ఉండరు, అందరూ జాగ్రత్తగా ఉండాలి కదా అని కోప్పడతారు, దాంతో ఈసారి పడినా చెప్పరు.

ఇక ఏం చెయ్యాలి అంటే, కాళ్ళకి బలం, బ్యాలెన్స్ రెండూ తెప్పించే వ్యాయామం. న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్ళో ఒటాగో యూనివర్సిటీ వాళ్ళు 1990ల్లో దీన్ని మొదలుపెట్టారు, మొదటి ట్రయల్‌లో ఉన్నవాళ్ళు 80 దాటిన ఆడవాళ్ళు, 233 మంది. జిమ్ము లేదు, మెషిన్లు లేవు. ఫిజియో ఇంటికొచ్చి నేర్పిస్తారు, చీలమండకి కట్టుకునే చిన్న బరువులు, వంటింటి గట్టు పట్టుకుని చేసే పనులు, వారానికి మూడుసార్లు అరగంట, మధ్యలో నడక. ఇలాంటివి నాలుగు ట్రయల్స్ కలిపి చూస్తే పడటాలు 35 శాతం తగ్గాయి. తర్వాత 2019లో కోక్రేన్ అని, వైద్య ట్రయల్స్ అన్నీ కలిపి లెక్క తేల్చే సంస్థ వాళ్ళు 25 దేశాల నుంచి 108 ట్రయల్స్, 23 వేల పైచిలుకు మందిని కలిపి లెక్క వేస్తే వ్యాయామం వల్ల పడటాలు 23 శాతం తగ్గుతాయని తేలింది. అన్ని రకాల వ్యాయామాలు కాదు, బ్యాలెన్స్‌ని సవాలు చేసేవి ఉండాలి. ఉత్తి నడక ఒక్కటే చేస్తే పడటాలు తగ్గుతాయని గట్టిగా చెప్పడానికి ఆధారం దొరకలేదు, ఇది చాలామందికి మింగుడు పడదు కానీ నిజం, సాయంత్రం పార్కులో నాలుగు రౌండ్లు గుండెకి మంచిదే, పడకుండా ఉండాలంటే అది చాలదు.

మీ అత్తయ్యతో రేపట్నుంచే మొదలుపెట్టించండి. చేతులున్న గట్టి కుర్చీ, ప్లాస్టిక్ది వద్దు, గోడకి ఆనించి పెట్టండి. చేతుల సాయంతో లేచి నిలబడటం, మెల్లగా కూర్చోవడం, ఐదుసార్లు. ధబాల్మని కూలబడకూడదు, కూర్చునేటప్పుడే కండకి అసలు పని. వారం పోయాక పదిసార్లు, ఆ తర్వాత ఒక చెయ్యి తీసేసి. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, మడమల మీద నిలబడటం, గట్టు వెంబడే పీతలాగా పక్కకి అడుగులు, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి పది లెక్కపెట్టడం. మీరు పక్కన నిలబడండి, పట్టుకోకండి, పట్టుకోవడానికి సిద్ధంగా ఉండండి. గుండె ఆయాసం, ఛాతీలో నొప్పి ఉన్నవాళ్ళయితే ముందు డాక్టర్ని అడగాలి.

ఎంత బలం ఉందో చూడటానికి ఒక పరీక్ష ఉంది, ఇంట్లోనే చెయ్యొచ్చు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి, ఫోన్‌లో టైం చూడండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడే ప్రమాదం ఉందని లెక్క. ఇవాళ ఎంతో రాసుకుని రెండు నెలల తర్వాత మళ్ళీ చూడండి, ఆ నంబర్ తగ్గితే ఆవిడ మొహంలో వచ్చే ధైర్యం మీ ఆయనకి చూపించండి, మంచం దగ్గరికి కాఫీ తేవడం ఆయనే మానేస్తారు.

ఇంటి సంగతి కూడా. ఇంట్లో ప్రమాదాలు తీసెయ్యడం మీద కోక్రేన్ వాళ్ళే 2023లో చూశారు, ఇదివరకు పడ్డవాళ్ళు, ఒకరి సాయంతో బతికేవాళ్ళ ఇళ్ళల్లో చేస్తే పడటాలు 38 శాతం తగ్గాయి, ప్రమాదం పెద్దగా లేనివాళ్ళకి మాత్రం లాభం కనపడలేదు. మీ అత్తయ్య ఒకసారి పడ్డారు కాబట్టి మీకు పనికొస్తుంది. బాత్రూంలో కమోడ్ పక్కన గోడలోకి బోల్టులేసి బిగించిన స్టీలు రాడ్డు, తువ్వాలు ఆరేసుకునే రాడ్డు కాదు, అది బరువుకి ఊడి చేతిలోకొస్తుంది. అరిగి నున్నగా అయిన హవాయి చెప్పులు ఇవాళే పారేయండి. గడపకి రంగు టేపు అంటించండి, కనపడాలి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా ఒక చిన్న లైటు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. అమెరికాలో 5,451 మంది మీద స్ట్రైడ్ అని పెద్ద ట్రయల్ చేశారు, నర్సులు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వాళ్ళకి ఏ ఏ ప్రమాదాలున్నాయో చూసి ప్లాన్ రాసి ఇచ్చారు, 2020లో ఫలితం వస్తే పెద్ద దెబ్బలు తగలడం గట్టిగా చెప్పుకునేంత తగ్గలేదు. నేను దాన్ని ఎలా అర్థం చేసుకున్నానంటే, ప్లాన్ కాగితం మీద రాయడం వేరు, వారానికి మూడుసార్లు పక్కన నిలబడి చేయించడం వేరు. ఇంట్లో కోడలో, మనవడో పక్కనుంటేనే ఇది జరుగుతుంది. కాబట్టి మీరు అడిగినందుకు నాకు చాలా సంతోషం.

ప్రశ్న: మా బాపుకి 71 ఏండ్లు. బీపీకి రెండు గోలీలు, ప్రోస్టేట్‌కి ఒకటి, రాత్రి నిద్రకు ఒకటి ఏసుకుంటడు. ఈ ఏడాది మూడుసార్లు రాత్రిపూట బాత్రూంకి లేచి తూలి పడ్డడు. బీపీ గోలీ బంద్ చేస్తే అయిపోతది కదా అంటున్నడు. చెయ్యొచ్చా? (హనుమకొండ)

వద్దు తమ్ముడూ, సొంతంగా బంద్ చెయ్యొద్దు, బీపీ పెరిగి పక్షవాతం వస్తే అది ఇంకో కథ. ముందు ఒక చిన్న పని చేయించండి, పడుకోబెట్టి ఐదు నిమిషాలాగి బీపీ చూడాలి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడాలి. పైది 20 గానీ కిందిది 10 గానీ పడిపోతే, లేవగానే మెదడుకి రక్తం అందట్లేదని అర్థం. కూర్చోబెట్టి ఒక్కసారి చూసి పంపేస్తే ఇది దొరకదు, నిలబెట్టి చూడమని మీరే అడగండి, అడగడానికి మొహమాటం వద్దు. ప్రోస్టేట్‌కి ఇచ్చే కొన్ని గోలీలు కూడా ఇట్లా నిలబడగానే బీపీని పడేస్తాయి, రెండు కలిస్తే ఇంకా. డాక్టర్ మోతాదు మారుస్తారో, వేసుకునే టైం మారుస్తారో, వేరే రకం ఇస్తారో అది వాళ్ళ చేతిలో పని.

నాకు ఎక్కువ అనుమానం మాత్రం నిద్ర గోలీ మీదే. న్యూజిలాండ్‌లోనే 1999లో ఒక ట్రయల్ చేశారు, నిద్రకీ ఆందోళనకీ డిప్రెషన్‌కీ గోలీలు వాడే 93 మంది, సగం మందికి వాళ్ళకి తెలియకుండా క్యాప్సూల్‌లో మందు 14 వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయి చివరికి మందు లేని క్యాప్సూల్ ఇచ్చారు. వాళ్ళు పడటం 66 శాతం తగ్గింది. ఇంత తగ్గుదల ఈ రంగంలో చాలా అరుదు. కానీ ట్రయల్ అయిపోయి నెల తిరక్కముందే మానేసినవాళ్ళల్లో దాదాపు సగం మంది మళ్ళీ మొదలుపెట్టారు, అంత గట్టిగా పట్టుకునే అలవాటది. ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, వణుకు, కొందరికి ఫిట్స్ కూడా రావొచ్చు, కాబట్టి తగ్గించడం డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం వారాల తరబడి మెల్లగా. ఈలోపు బాపుని మంచం అంచున కాళ్ళు కిందికి వేసి రెండు నిమిషాలు కూర్చోమనండి, పాదాలు పైకీ కిందికీ ఆడించి అప్పుడు లేవమనండి. పక్కన ఒక యూరిన్ డబ్బా పెట్టుకోవడంలో సిగ్గేం లేదు.

ప్రశ్న: మా అమ్మకి డి విటమిన్ తక్కువుందన్నారు. ప్రతి వారం 60 వేల యూనిట్ల సాచెట్ పాలల్లో కలుపుకుని తాగడం మర్చిపోతోంది. ఏడాదికి ఒక్కసారి 6 లక్షల ఇంజెక్షన్ చేయించుకుంటే ఎముకలు గట్టిపడి పడినా విరగవని పక్కింటి వాళ్ళు చెప్పారు. చేయించమంటారా? (కరీంనగర్)

చేయించొద్దనే నా సలహా. ఎందుకో చెప్తా. ఆస్ట్రేలియాలో సరిగ్గా ఇదే ఆలోచనతో 70 దాటిన 2,256 మంది ఆడవాళ్ళని తీసుకుని, సగం మందికి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు నోటితో ఒకేసారి ఇచ్చారు, మిగతావాళ్ళకి ఉత్తి మాత్రలు. మర్చిపోయే బాధ ఉండదు, మంచి జరుగుతుంది అనుకున్నారు. 2010లో లెక్కలు తీస్తే మందు తీసుకున్నవాళ్ళు 15 శాతం ఎక్కువగా పడ్డారు, ఎముకలు విరగడం 26 శాతం ఎక్కువైంది. ఎక్కువ పడింది కూడా డోసు తీసుకున్న మొదటి మూడు నెలల్లో. మంచి మనసుతో చేసిన పని ఎదురు తిరిగిందన్నమాట, ట్రయల్ పెట్టి చూడకపోతే ఇప్పటికీ అందరికీ అదే ఇస్తుండేవాళ్ళు. ఇంజెక్షన్ వేరు, నోటి మందు వేరు అని ఎవరైనా అనొచ్చు, కానీ ఒకేసారి అంత మోతాదు ఒంట్లోకి పంపడం ఎందుకు, రోజూ కొంచెమో వారానికోసారో వేసుకునే దారి ఉండగా.

నిజంగా లోపం ఉంటే దాన్ని సరిచెయ్యాలి, అందులో రెండో మాట లేదు, ఎన్ని వారాలు వాడాలో మీ డాక్టర్ చెప్పినట్టే వాడి ఆపండి, కొంతమంది ఏళ్ళ తరబడి ప్రతి వారం తాగుతూనే ఉంటారు, అది కూడా తప్పే. మర్చిపోతోందంటే ఆదివారం తలంటు రోజున పెట్టండి, గుర్తుంటుంది. లోపం లేనివాళ్ళకి మాత్రం డి విటమిన్ ఇచ్చి పడకుండా ఆపొచ్చన్న ఆశ ట్రయల్స్‌లో నిలబడలేదు.

ప్రశ్న: మా నాయనమ్మకి 83. ఆదివారం పొద్దున పడింది, తుంటి విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. ఆపరేషన్ అంటున్నారు. ఈ వయసులో కోత ఎందుకు, పుత్తూరు కట్టు కట్టించి మంచంలో ఉంచుదాం అని పెదనాన్న వాళ్ళంటున్నారు. ఏం చెయ్యాలి? (ఒంగోలు)

ఇది పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగే విషయం కాదు కాబట్టి మెసేజ్ చూసిన రోజే ఫోన్ చేసి చెప్పాను, ఇంకొకరికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

చెయ్యి, మణికట్టు విరిగితే బయట నుంచి కట్టు కట్టి కదలకుండా పట్టి ఉంచొచ్చు. తుంటి దగ్గర అలా కుదరదు, చుట్టూ ఒంట్లోకెల్లా పెద్ద కండలు, అవి విరిగిన ముక్కల్ని పైకి లాగుతూనే ఉంటాయి, ఏ కట్టూ అంత లోపలికి పట్టు ఇవ్వలేదు. అది అతకాలని నెలలు మంచంలో ఉంచితే ఈలోపు వీపు మీద పుళ్ళు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టడం, వీటితోనే మనిషి పోతారు. మీ పెదనాన్న గారు గుండె తట్టుకోదని భయపడుతున్నారు, ఆ భయం సహజమే, కానీ మంచంలో ఉంచడం ఆపరేషన్ కంటే ప్రమాదం. మరీ ఆఖరి దశలో ఉన్న మనిషి అయితే తప్ప డాక్టర్లు ఆపరేషనే చెప్తారు, అది కూడా నొప్పి తగ్గి కూర్చోగలగాలనే.

ఎంత తొందరగా అన్నదాని మీద హిప్ అటాక్ అనే ట్రయల్ జరిగింది, 17 దేశాల్లో 2,970 మంది, మన దేశం ఆసుపత్రులు కూడా ఉన్నాయి. కొందరికి సుమారు 6 గంటల్లో, మిగతావాళ్ళకి సుమారు 24 గంటల్లో ఆపరేషన్ చేశారు. చనిపోవడంలో తేడా రాలేదు, 9 శాతం, 10 శాతం. కానీ తొందరగా చేసినవాళ్ళు తొందరగా లేచి నిలబడ్డారు, మతి తప్పి ఏదేదో మాట్లాడటం తక్కువైంది. అంటే గంటల కోసం గుండెలు బాదుకోనక్కర్లేదు గానీ, బంధువులందరూ వచ్చి మాట్లాడుకునేదాకా అని నాలుగైదు రోజులు ఆపితే నష్టం నాయనమ్మకే. ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి. ఆపరేషన్ అయిన మర్నాడే ఫిజియో వచ్చి నిలబెడితే కంగారు పడకండి, అదే సరైన పద్ధతి. రాత్రిళ్ళు నాయనమ్మ ఎవర్నీ గుర్తుపట్టకుండా అరిస్తే పిచ్చి పట్టిందనుకోవద్దు, అలా కొందరికి అవుతుంది, కళ్ళజోడు పెట్టండి, వినికిడి మెషిన్ ఉంటే పెట్టండి, ఇంటి మనిషి ఒకరు పక్కన ఉండి మాట్లాడుతూ ఉండండి, డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి.

ఇంకొకటి, దాదాపు అందరూ వదిలేసేది ఇదే. ఎముక అతికించారు, ఇంటికి పంపారు, కానీ ఎముక ఎందుకు అంత బోలుగా ఉందో, దానికి మందేంటో ఎవరూ అడగరు. 2007లో వచ్చిన ట్రయల్‌లో తుంటి ఆపరేషన్ అయిన 2,127 మందిని తీసుకుని, సగం మందికి మూడు నెలల లోపు జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు సెలైన్‌లాగా ఎక్కించారు, ఏడాదికొక్కసారే. మళ్ళీ ఎముకలు విరగడం 35 శాతం తగ్గింది, చనిపోవడం కూడా 28 శాతం తగ్గింది. కిడ్నీలు ఎలా ఉన్నాయో, డి విటమిన్ ఎంతుందో చూసుకుని ఇవ్వాలి, అందరికీ సరిపడదు. డిశ్చార్జి రోజున ఎముకల బలానికి మందు మొదలుపెడతారా అని ఒక్క ప్రశ్న అడగండి.

ప్రశ్న: బైఫోకల్ కళ్ళజోడుతో మెట్లు దిగుతుంటే మెట్టు రెండుగా కనపడుతోంది. వయసు 68. (అనంతపురం)

కింది అద్దం దగ్గరి చూపుకి, మెట్టు ఏమో దూరంలో ఉంది, అందుకే మసకేస్తుంది. బయట బాగా తిరిగేవాళ్ళైతే నడవడానికి దూరం చూపు మాత్రమే ఉన్న ఇంకో జత పెట్టుకోండి, ఆస్ట్రేలియాలో 606 మందితో చూస్తే బయట తిరిగే అలవాటున్నవాళ్ళు పడటం 40 శాతం దాకా తగ్గింది, ఎక్కువగా ఇంట్లోనే ఉండేవాళ్ళకి ఆ లాభం రాలేదు. శుక్లం ఉందేమో కూడా చూపించుకోండి, ముదరాలి అని కూర్చోవద్దు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో 70 దాటిన 306 మంది ఆడవాళ్ళలో మొదటి కంటి ఆపరేషన్ ఏడాది ఆగకుండా నెలలోపు చేసేస్తే పడటాలు 34 శాతం తగ్గాయి. మన హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు వృద్ధాశ్రమాల్లో తిరిగి చేసిన సర్వేలో కూడా చూపుకీ పడటానికీ ఉన్న సంబంధం చూశారు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. రాజమండ్రిలో అమ్మ ఒక్కతే, 79. మెడలో వేసుకుని నొక్కితే నాకూ, తమ్ముడికీ కాల్ వచ్చే బటన్ కొనిచ్చాను. పోయిన నెల పడి గంటన్నర నేల మీదే ఉంది, బటన్ బీరువాలో ఉంది. ఏం చెయ్యాలో తెలియట్లేదు.

అమ్మ మీద కోపం తెచ్చుకోకండి నాన్నా. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో 90 దాటినవాళ్ళని ఏడాదిపాటు గమనించారు, పడ్డవాళ్ళల్లో 30 శాతం మంది గంట, అంతకంటే ఎక్కువసేపు నేల మీద ఉండిపోయారు, ఒంటరిగా ఉన్నప్పుడు పడ్డవాళ్ళల్లో పిలిచే బటన్ ఉన్నా కూడా 80 శాతం మంది నొక్కలేదు. పక్కవాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకులే అనుకుంటారు, పడ్డ సంగతి పిల్లలకి తెలిస్తే ఇల్లు ఖాళీ చేయించి తీసుకుపోతారని భయపడతారు. మీ అమ్మగారికి ఆ రెండో భయం ఉందేమో ముందు మాట్లాడండి, బటన్ నొక్కితే ఆశ్రమానికి పంపం అని గట్టిగా మాటివ్వండి.

తలకి దెబ్బ తగిలిందా అని అడగండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, లేదా పడ్డాక కొన్ని వారాల్లో ఎప్పుడైనా తలనొప్పి, మగత, మాట తడబడటం, ఒక వైపు బలం తగ్గడం కనపడితే వెంటనే స్కాన్, అప్పుడు బాగానే ఉంది కదా అని ఊరుకోవద్దు, మెదడు పైపొరల్లో రక్తం మెల్లగా చేరుతుంది.

తర్వాత, నేల మీంచి లేవడం నేర్పించాలి, ఇది నేర్పించేవాళ్ళే తక్కువ. అక్కడి ఫిజియోని నాలుగు రోజులు ఇంటికి రమ్మనండి. పడగానే లేవబోకూడదు, ఒక నిమిషం ఊపిరి పీల్చుకుని ఎక్కడైనా విరిగిందా చూసుకోవాలి, నొప్పి లేకపోతే పక్కకి దొర్లి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ళ మీదకి వచ్చి పాకుతూ గట్టి కుర్చీ దగ్గరికో మంచం దగ్గరికో వెళ్ళి, రెండు చేతులూ దాని మీద పెట్టి, బలమైన కాలు ముందుకి తెచ్చి పాదం నేలకి ఆనించి లేచి, వెనక్కి తిరిగి దాని మీద కూర్చోవాలి. మెత్తటి పరుపు మీద పది సార్లు చేయిస్తే భయం పోతుంది. లేవలేకపోతే దుప్పటి లాక్కుని కప్పుకోవడం, గిన్నెతో నేల మీద కొట్టి శబ్దం చెయ్యడం కూడా నేర్పాలి, అందుకని మంచం కింద ఒక స్టీలు గ్లాసు, పాత దుప్పటి పెట్టి ఉంచమనండి.

బటన్ మెడలో కాకుండా చేతికి గాజులాగా ఉండేది దొరుకుతుంది, బాత్రూంలో కూడా తీయకుండా ఉంచుకునేలా నీళ్ళకి తట్టుకునేది చూడండి, ఎందుకంటే తీసి పెట్టిన చోటే మర్చిపోతారు. దానికంటే ముందు, రోజూ పొద్దున పాల పాకెట్ తీసుకునే టైంకి అమ్మ తలుపు తెరిచిందా లేదా చూసే ఒక మనిషి కావాలి. పక్కింటావిడ ఎవరో ఉంటారు కదా, ఆవిడ దగ్గర ఒక తాళం చెవి ఉంచండి. ఆవిడ ఫోన్ నంబర్ మీ దగ్గర లేకపోతే ఇవాళ అమ్మకి కాల్ చేసినప్పుడు అడిగి రాసుకోండి, తమ్ముడికి కూడా పంపండి.